రెండో డాక్టరు మాట

ఆగస్టు 4, సోమవారం

కమిటీలో నా పేరు వేశారు. ముందు నన్నొక మాట అడగలేదు. మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి గారే మా క్లెయిముల గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. హార్బర్‌లో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ కింద ఎక్కడో ఉన్నవాళ్ళకి వినపడాలన్నట్టు గట్టిగా మాట్లాడతారు.

"అమ్మా రోజా, నువ్వూ ఉండాల. బిల్లులన్నీ నీ సేతి మీదుగానే ఎల్తాయి కదేటి."

"నానెందుకండీ, పెద్దోళ్ళు మీరున్నారు."

"పెద్దోలం మాటాడతాం. నువ్వు సూస్తావు."

ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. చూడ్డానికి పెట్టారా, రేపేదైనా బయటపడితే 'రోజారమణి చూసింది కదా' అనడానికి పెట్టారా?

మా కార్మికుల వైద్య సంఘం మునిగిపోతున్న మాట నిజం. కూలీలూ, పడవల వాళ్ళూ, లారీ క్లీనర్లూ నెలనెలా వేసుకునే సొమ్ము ఆసుపత్రులకే చాలడం లేదు. సెప్టెంబరు మహాసభలోగా ఖర్చు తగ్గే దారి చూపించకపోతే తాళం వేసుకోవడమే. దారి వెతకడానికి నలుగురం. ప్రెసిడెంటుగా ఆయన, రెండు బోట్ల యజమాని ఎల్లాజీ గారు, మా క్లినిక్ డాక్టరు అనూరాధ, నేను.

నేను కాక ముగ్గురు. ముగ్గురికీ ఏదో కావాలి. అదేమిటో కనిపెట్టాలి.

ఆగస్టు 9, శనివారం

మొదటి మీటింగు. కిటికీ మూసినా పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు పొడి టీ కప్పుల మీద పడుతూనే ఉంది.

శ్రీరామ్మూర్తి గారిది ఒకటే మాట. ప్రతి బిల్లులో సభ్యుడు కొంత వాటా పెట్టుకోవాలి. "సొంత జేబులోంచి కొంత ఎల్తే గానీ ఒళ్ళు దగ్గరెట్టుకోరు. తల నొప్పికి కూడా స్కానింగ్ అంటన్నారు."

"జేబులో ఉంటే సంఘం ఏటికి బావా?" అన్నారు ఎల్లాజీ గారు. "నాను సెప్పేది ఇనండి. ఒక్క ఆసుపత్రితో ఒప్పందం సేసుకుందాం. రేట్లు ముందే మాటాడీసుకుందాం. మనోడు ఎల్తే తలుపు తియ్యాల. అంతే."

ఏ ఆసుపత్రి అని నేనే అడిగాను. బీచ్ వైపు కొత్తగా కట్టిన అద్దాల ఆసుపత్రి పేరు చెప్పారు. చెబుతున్నప్పుడు నా వైపు చూశారు. మా మరిది నవీన్ అక్కడ మార్కెటింగులో పని చేస్తాడని ఆయనకు తెలుసన్నమాట. లేదా నవీనే ఆయనకు తెలుసేమో.

అనూరాధ చివర మాట్లాడింది. వయసు చిన్నది, గొంతు పెద్దది కాదు. "ఆపరేషన్ చెయ్యాలని చెప్పినవాళ్ళే ఆపరేషన్ చేసీయకూడదండీ. ప్రాణం మీదకొచ్చిన కేసులు వేరు. మిగతావి ముందు ఇంకో డాక్టరు చూడాలి. మా పేటలో నలభై నిండని ఆడోళ్ళు చాలామందికి గర్భసంచి లేదు. ఎందుకు తీసీసేరో వాళ్ళకే తెలీదు. వీధి డాక్టరు పంపిస్తాడు, పంపించినందుకు అతనికి ఆసుపత్రి వాటా ఇస్తాది. అక్కర్లేని ఆపరేషన్లు, అక్కర్లేని టెస్టులు ఆపితే సంఘం బతుకుతాది."

బాగానే చెప్పింది. మహాసభ దాకా ఆ రూలు పెట్టి చూద్దామన్నారు. మరి ఆ రెండో డాక్టరు ఎవరు? ప్రస్తుతానికి ఆమే. అంటే తలుపులన్నీ ఆమె తియ్యాలి. జాలారిపేట అమ్మాయి, మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో సగం ఆ పేట వాళ్ళే. ఇది నేను పైకి అనలేదు.

ఆగస్టు 10, ఆదివారం

సాయిశంకర్ కాఫీ తాగుతూ "మీటింగులో ఏటి తేలింది?" అని అడిగారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా ఆఫీసు సంగతి ఆయన అడగడం ఇదే మొదలు. చెప్పాను. చెప్పి ఉండకూడదు.

ఆగస్టు 13, బుధవారం

నవీన్ వచ్చాడు. మాడుగుల హల్వా డబ్బా తెచ్చాడు. పండగ కాదు, పుట్టినరోజు కాదు.

"వదినా, మీ సంఘంలో కొత్త రూలంట కదా. రెండో డాక్టరు సూడాలంట."

"ఎవరు సెప్పేరు?"

అతను వాళ్ళన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య ఫ్యాను వైపు చూశారు.

"మా ఆసుపత్రిలో అందరూ అదే మాటాడతన్నారు," అన్నాడు నవీన్. "కేసులు తగ్గిపోతాయని మా మేనేజర్ నన్ను పట్టుకున్నాడు. మీ వదిన అక్కడే కదా అంటాడు."

"అయితే?"

"అయితే ఏటి లేదు. ఊరికే సెప్పినాను."

ఊరికే చెప్పడానికి హల్వా ఎందుకు? నేను ముట్టుకోలేదు. అతను వెళ్ళగానే పక్కింటి వాళ్ళకి ఇచ్చేశాను.

ఆగస్టు 19, మంగళవారం

పోతమ్మ అని ఒకామె వచ్చింది. పూర్ణా మార్కెట్ బయట చేపల బుట్ట పెట్టుకుంటుంది, నేనూ ఒకటి రెండుసార్లు కొన్నాను. భర్త పడవ మీద పని చేసేవాడు, చనిపోయాడు, సభ్యత్వం ఆమె పేరు మీదకు మారింది. తగ్గకుండా రక్తం పోతోందని వీధి డాక్టరు దగ్గరికెళ్తే, అతను అద్దాల ఆసుపత్రికి పంపాడట. వాళ్ళు గర్భసంచి తీసెయ్యాలి, రేపే రమ్మన్నారట. మా రూలు అడ్డమొచ్చింది.

"తీసీమను మేడం. దానితో నాకిప్పుడేటి పని? పిల్లలు పెద్దోళ్ళయిపోనారు. నిలబడి సేపలమ్మలేకపోతన్నాను."

"డాక్టరు అనూరాధ గారు సూడాల ముందు."

"ఆ పిల్లా? నా కళ్ళ ముందు పెరిగింది. ఆ పిల్లకేటి తెలుసు?"

మనసులో ఒకందుకు సంతోషించాను. రూలు పని చేస్తోంది. అక్కర్లేని ఆపరేషను ఒకటి ఆగింది.

ఆగస్టు 22, శుక్రవారం

అనుకోనిది జరిగింది. అనూరాధ పోతమ్మను చూసి, ఆపరేషను వద్దని రాసింది. అంతవరకు సరే. దాని కింద, వెంటనే పెద్ద స్కానింగూ మరికొన్ని పరీక్షలూ చేయించాలని, అవి సంఘం బిల్లులు కట్టే ఆసుపత్రుల జాబితాలో లేని క్యాన్సర్ ఆసుపత్రిలోనే చేయించాలని రాసింది. జబ్బు తేలితే ప్రభుత్వ కార్డు మీద వైద్యం జరుగుతుందట, తేల్చే పరీక్షలు మాత్రం సంఘం భరించాలట.

అక్కర్లేని టెస్టులు ఆపాలని మీటింగులో చెప్పింది ఎవరు? ఇంకా నెల తిరగలేదు. మొట్టమొదటి కేసుకే జాబితాలో లేని ఆసుపత్రి. అక్కడ ఆమెకు ఎవరున్నారు?

సంతకం పెట్టకుండా పక్కన పెట్టాను. తొందరేమీ లేదు, ముందు చూడాలి. నన్ను కమిటీలో వేసింది చూడ్డానికే కదా.

ఆగస్టు 26, మంగళవారం

రేపు వినాయక చవితి. మిక్సీ బాగుచేయించుకుందామని ద్వారకా నగర్ వెళ్ళాను. ఆర్టీసీ కాంప్లెక్స్ పక్క సందులో టిఫిన్ హోటలు బయట నవీనూ అనూరాధా నిలబడి మాట్లాడుకుంటున్నారు. చేతుల్లో టీ గ్లాసులు. అతను అటూ ఇటూ చూసి ఏదో చెబుతున్నాడు, ఆమె తల వంచుకుని వింటోంది. వెళ్ళబోతూ ఆమె అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది, పెద్ద మేలు చేసినవాళ్ళని పట్టుకున్నట్టు.

నన్ను చూడలేదు. మిక్సీ ఆటోలోనే మరిచిపోయాను, మళ్ళీ పరిగెత్తాల్సి వచ్చింది.

మొత్తానికి తెలిసిపోయింది. ఆపరేషను ఆపినట్టు ఆపుతుంది, పరీక్షల మీద వాటా రాబట్టుకుంటుంది. మధ్యలో మా మరిది.

ఆగస్టు 27, వినాయక చవితి

పూజ అయి, ఉండ్రాళ్ళు పెట్టుకుని తింటున్నాం. సాయిశంకర్ ఉన్నట్టుండి అడిగారు.

"పోతమ్మ ఫైలు కదిలిందా?"

చేతిలోది చేతిలోనే ఉండిపోయింది.

"ఆ పేరు మీకెలాగ తెలుసు?"

"నవీన్ అడగమన్నాడు. నువ్వు సంతకం పెట్టీవంటే..."

"పెడితే ఏటి? మీకేటి వస్తాది?"

"నాకేటొస్తాది రోజా!" అన్నారాయన. ముఖం అదోలా పెట్టుకుని లేచిపోయారు. పండగపూట తినకుండా. ఆ ముఖం కోపమో, దొరికిపోయిన వాళ్ళ ముఖమో నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 28, గురువారం

ఫైలు కింది సొరుగులోకి మార్చాను.

సెప్టెంబరు 1, సోమవారం

పోతమ్మ మళ్ళీ వచ్చింది. ఇంతకుముందు కూడా వచ్చిందట, అప్పుడు నేను సీట్లో లేను. కుర్చీ అంచున కూర్చుంది, కుర్చీకి రక్తం మరక అంటుతుందేమోనన్న భయంతో చీర వెనక వైపు చూసుకుంటూ.

"ఏటైంది మేడం?"

"పైన ఉంది."

"పైన అంటే?"

"ప్రెసిడెంటు గారి దగ్గర."

ఎందుకలా అన్నానో! విచారిస్తున్నాననడం కంటే అది తేలిక. ఆమె తలాడించి వెళ్ళింది. మెట్లు దిగుతూ మధ్యలో ఒకసారి ఆగింది.

సెప్టెంబరు 4, గురువారం

అనూరాధ నేరుగా నా గదికి వచ్చింది.

"రోజా గారూ, ఆ అనుమతి ఎందుకు ఆపేరు?"

"విచారిస్తన్నాను."

"ఏం విచారణ?"

"మన జాబితాలో ఉన్నోటిలో ఎందుకు సేయించకూడదని."

"అక్కడ అవ్వదండీ. నాకు చెయ్యి పెడితేనే అనుమానం వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఇప్పుడు చెప్పలేను. ఒకరికి మాటిచ్చేను. దయచేసి నన్ను నమ్మండి."

చెప్పలేనిదేదో ఉందట, అయినా నమ్మాలట. నా సర్వీసులో 'నమ్మండి' అన్న ప్రతి బిల్లులోనూ ఏదో ఒకటి దొరికింది. ఎవరికి మాటిచ్చిందో నాకు తెలుసు. టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడికి.

"రాసి ఇవ్వండి, సూస్తాను," అన్నాను.

ఆమె తలుపు దగ్గర ఆగి, "ఆవిడ రోజూ రక్తం పోతూనే బుట్ట మోస్తోందండీ," అని వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 8, సోమవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ ముందు గదిలో ఉన్నారు. నవీన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, కూకో," అన్నాడు. "నా ఉద్యోగం పోతే పోనీ, ఇంక దాయలేను. మా ఆసుపత్రిలో పోతమ్మకి ఆపరేషనుకి ముందు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపినారు. ఆ రిపోర్టు వచ్చీసరికి ఆమె మా పేషెంటు కాదు, మీ రూలు వల్ల రావడం మానేసింది. అది అలాగే ఉండిపోనాది. ఎవుడూ ఫోను సెయ్యనేదు. కేసులెందుకు తగ్గేయో సూడమని మేనేజరంటే నాను తిరగేస్తన్నాను, అప్పుడు కనపడింది. కేన్సరు వదినా."

సంచి భుజం మీద నుంచి దించి అప్పుడు కూర్చున్నాను.

"డాక్టరమ్మకి సెప్పినాను. నా పేరు బయట పెట్టొద్దని దండం పెట్టినాను. ఆమె మా ఆసుపత్రికి రాసి రిపోర్టు అడిగింది, ఇవాళా రేపూ అంటన్నారు. అసలు మా వాళ్ళు సేద్దామనుకున్న ఆపరేషను కూడా ఈ జబ్బుకి పనికిరాదంట. సేసుంటే ఇంకా సెడిపోయీది. పరీక్షలు సేయించండి సాలు, అవే సెప్తాయి అని నీ సుట్టూ తిరుగుతోంది."

"నాకు సెప్పొచ్చు కదా."

"నువ్వు నన్ను ఎప్పుడన్నా నమ్మినావా వదినా? హల్వా తెస్తే పక్కింటికి ఇచ్చీసినావు."

సాయిశంకర్ నా వైపు చూడలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దున్నే సంతకం పెట్టి పంపాను. ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే తన సంతకం చేశారు. అసలు ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. మధ్యలో చవితి వచ్చింది. వానలు. జాబితాలో లేని ఆసుపత్రి అయితే విచారించమని పాత రూలే ఉంది. నా స్థానంలో ఎవరున్నా విచారించేవారు.

సెప్టెంబరు 12, శుక్రవారం

పరీక్షల్లో అదే తేలింది. నయమయ్యేదేనట. అయితే ఇంకాస్త ముందు వచ్చి ఉంటే సరైన ఆపరేషనుతోనే సరిపోయి ఉండేదనీ, ఇప్పుడు రేడియేషన్ కరెంటు పెట్టాలనీ అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడట. 'కాస్త ముందు' అంటే ఎప్పటి మాట? జూలై కావచ్చు. వీధి డాక్టరు దగ్గర తిరిగిన రోజులు కావచ్చు.

సెప్టెంబరు 14, ఆదివారం

మహాసభ. వన్ టౌన్ కల్యాణమండపం నిండిపోయి జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. సభ్యుడి వాటా సంగతి ఎత్తగానే అరుపులు. శ్రీరామ్మూర్తి గారు దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేశామని చెప్పి తప్పించుకున్నారు. తర్వాత రెండో డాక్టరు రూలు. దాన్ని ఎప్పటికీ ఉంచాలా, తీసెయ్యాలా.

ఎల్లాజీ గారు మైకు అందుకున్నారు.

"అందరూ ఇనండి. మన పోతమ్మ అదిగో అక్కడ కూకుంది. ఆపరేషను సేస్తామని ఆసుపత్రోళ్ళన్నారు. మన రూలు అడ్డెట్టింది. రెండో డాక్టరు సూడాలంది. సూడండి, సూడండి అని రోజులు ఎల్లిపోనాయి. ఇప్పుడు కేన్సరంట! డబ్బులు మిగిల్చడానికి మనుసుల్ని సంపుతామా?"

హాలంతా లేచింది. అనూరాధ లేచి, ఆ ఆపరేషనే తప్పని, అది జరిగి ఉంటే ఇంకా ప్రమాదమని చెప్పబోయింది. ఎవరూ వినలేదు. పేట వాళ్ళే ఆమె మీద ఎక్కువగా అరిచారు.

"సరే, రూలు మంచిదే అనుకుందాం," అన్నారు ఎల్లాజీ గారు. "నువ్వు సూసినావు, పరీక్షలు రాసినావు. మరి ఇన్నాళ్ళు ఎందుకు పట్టింది? ఆ కాయితం ఎవుడి దగ్గర ఆగింది? సెప్పండి! సెప్పకపోతే ఓటు పెట్టండి, ఇప్పుడే తీసీద్దాం."

పోతమ్మ మూడో వరుసలో ఉంది. 'పైన ఉంది' అని నేను చెప్పిన మాట ఆమె మరిచిపోయి ఉండదు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. అనూరాధ నా వైపు చూసింది, కాసేపే.

నేను లేద్దామనే అనుకున్నాను. చీర కొంగు కుర్చీ మేకుకు పట్టుకుంది. అది తీసుకునేలోగా ఆమె మైకు తీసుకుంది.

"నా దగ్గర ఆగింది," అంది అనూరాధ. "తప్పు నాది. రూలుది కాదు. నన్ను తీసీండి, రూలు ఉంచండి."

చేతులెత్తి ఓట్లు వేశారు. రూలు నిలబడింది. డాక్టరు సంగతి సంఘం డైరెక్టర్లు చూసుకుంటారన్నారు.

సెప్టెంబరు 15, సోమవారం

ఎందుకు చేసింది?

నన్ను గుప్పిట్లో పెట్టుకోవడానికా? రేపు ఏ బిల్లు తెచ్చినా నేను కాదనకుండా ఉండడానికా? ఇంకేమైనా ఉంటే అదేమిటి? ఏమీ ఆశించకుండా మనుషులు పదిమందిలో పరువు పోగొట్టుకోరు.

పొద్దుట్నుంచీ ఇదే. రెండు బిల్లుల్లో తప్పు అంకెలు వేసి కొట్టేశాను.

సెప్టెంబరు 16, మంగళవారం

అనూరాధను ఈ శనివారంతో క్లినిక్ అప్పజెప్పమన్నారు.

కొంగు ఏ మేకుకూ పట్టుకోలేదు. ఆ రోజు వేసినవి ప్లాస్టిక్ కుర్చీలు.

సెప్టెంబరు 17, బుధవారం

మధ్యాహ్నం క్లినిక్‌కు వెళ్ళాను. ఆమె బల్ల మీద వస్తువులు సంచిలో సర్దుకుంటోంది.

"ఎందుకు సేసేరు?" అని అడిగాను. కూర్చోకుండానే అడిగాను.

"మీరు లేస్తారని చూసేను."

"లేవకపోతే నా పేరు సెప్పొచ్చు కదా."

"చెప్తే మీరు కాదనీవోరు. నేను అవుననీదాన్ని. ఇద్దరం కొట్టుకుంటంటే రూలు పోయీది. ఎల్లాజీ మావయ్య ఓటు పెట్టీమంటన్నాడు కదండీ." సంచి జిప్పు లాగింది, అది సగంలో ఇరుక్కుంది. "మా అమ్మకి ముప్పై ఆరేళ్ళకి తీసీసేరు. ఎందుకో ఇప్పటికీ తెలీదు. ఆ రూలు ఉండాలి నాకు. అంతే."

"నా నుంచి మీకేటి కావాల?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, పేషెంటును చూసినట్టు.

"మీరు ఎప్పుడూ ఇలాగే అడుగుతారా అందరినీ?"

జిప్పు నేను లాగి ఇచ్చాను.

సెప్టెంబరు 18, గురువారం

శ్రీరామ్మూర్తి గారి ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. సొరుగు సంగతి కూడా. ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకునే విన్నారు.

"అమ్మా, ఇది నాకు సెప్పినావు, అయిపోనాది. ఇంకెవుడికీ సెప్పకు. ఇప్పుడిది బయటికొస్తే ఎల్లాజీ మళ్ళీ ఓటు పెట్టమంటాడు. రూలు పోతాది. డాక్టరమ్మకి ఇంకో ఉద్యోగం దొరుకుతాది. సదువుకున్న పిల్ల."

"ఆమె తప్పు నేదండి."

"నాకు తెలుసు. అయినా నోరు మూసుకో. సంఘం కోసం."

తిరిగి వస్తుంటే గుండె మీద బరువు దిగినట్టయింది. ఆటోలో గాలి చల్లగా తగిలింది. కురుపాం మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి భయమేసింది. ఆయన ఇదే అంటారని నాకు ముందే తెలుసు. తెలిసే ఆయన దగ్గరికి వెళ్ళానేమో. ఇన్నాళ్ళూ అందరి బిల్లులూ తిరగేసిన దాన్ని, నన్ను నేను ఒక్కసారైనా తిరగేసుకోలేదు.

సెప్టెంబరు 20, శనివారం

ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళాను. ఎల్లాజీ గారు బోటుకు ఐసు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు. తాళ్ళ చుట్ట మీద గోనె పరిచి కూర్చోమన్నారు. చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు ఆయన.

అంతా విని, "నాకు ఆ అద్దాల ఆసుపత్రి కమీషనిస్తాదని కూడా అనుకున్నావు కదూ?" అన్నారు.

తల వంచుకున్నాను.

"మా తమ్ముడు తాతబాబు నీకు తెలీదు. వల లాగే వించి తాడులో పడి సెయ్యి తెగిపోనాది. ఆటోలో ఏసుకుని తిరిగినాం. ఈ ఆసుపత్రికెల్తే అడ్వాన్సు కట్టమంటాడు, ఆ ఆసుపత్రికెల్తే బెడ్డు నేదంటాడు. ఆటోలోనే నా ఒళ్ళో పోనాడు." ఆయన ఐసు ముక్క ఒకటి కాలితో నీళ్ళలోకి తోశారు. "అందుకే ఒక్క గుమ్మం కావాలన్నాను. మనోడు ఎల్తే ముందు లోపలికి తీసుకుని, తరవాత మాటాడే గుమ్మం. అది అద్దాలదైతే నాకేటి, రేకులదైతే నాకేటి?"

"నాను అడగవలసింది."

"ఎవుడూ అడగడు తల్లీ. నానూ ఆ పిల్లని అడగనేదు కదా, మైకట్టుకుని తిట్టీసినాను. మన పేట పిల్లని." బోటు వైపు తిరిగారు. "డైరెక్టర్ల మీటింగు పెట్టిస్తాను. నువ్వే సెప్పాల. నాను సెప్పను."

"రూలు తీసీమంటారా?"

"రూలు తప్పు కాదని ఇప్పుడే కదా సెప్పినావు."

సెప్టెంబరు 27, శనివారం

చెప్పాను. లేచి నిలబడి, డైరెక్టర్లందరి ముందు. రెండుసార్లు మధ్యలో ఆగాను. శ్రీరామ్మూర్తి గారు ఆసాంతం బల్ల వైపే చూశారు. ఇంక నాతో మాట్లాడతారని అనుకోను.

నన్ను క్లెయిముల నుంచి తీసేశారు. మందుల స్టోరులో వేశారు. అనూరాధను వెనక్కి పిలవమన్నారు. ఆమె వస్తుందో రాదో చెప్పలేదు, ఆలోచించుకుంటానందట. రూలు ఉంటుంది, ఎల్లాజీ గారు దానికో ముక్క చేర్పించారు. రెండో డాక్టరు రాసిన కాగితం ఎవరి బల్ల మీదైనా రెండు రోజులు దాటి ఉంటే అనుమతి వచ్చినట్టే లెక్క. ఆ ముక్క ఎవరి వల్ల వచ్చిందో అందరికీ తెలుసు. అడ్వాన్సు అడగకుండా చేర్చుకునే ఆసుపత్రుల కోసం ఆయనే తిరుగుతారట. సభ్యుడి వాటా గొడవ తేలలేదు. వచ్చే ఏడాది మళ్ళీ కొట్టుకుంటారు.

ఇంటికొచ్చి సాయిశంకర్‌కు ఆయన అడక్కుండానే అంతా చెప్పాను. విని లేచి, తన కప్పుతో పాటు నాకూ కాఫీ కలిపి తెచ్చారు.

అక్టోబరు 6, సోమవారం

అనూరాధ తిరిగి పనిలోకి వచ్చింది. స్టోరు ముందు నుంచే వెళ్ళింది. "నమస్తే" అంది. నేనూ అన్నాను. అంతకంటే ఏమీ లేదు. ఉండాలని కూడా అనుకోను.

అక్టోబరు 13, సోమవారం

పోతమ్మ కొడుకు వేటకు వెళ్ళాడని, క్యాన్సర్ ఆసుపత్రికి తోడు ఎవరూ లేరని తెలిసి సెలవు పెట్టి వెళ్ళాను. నన్ను చూసి పోతమ్మ ఏమీ అనలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకు వదిలి, తను ఇటు కూర్చుంది, వాంతి వస్తే లేవడానికి వీలుగా ఉంటుందని.

గాజువాక దాటాక చెప్పాను. "ఆ రోజు పైన ఉంది అన్నాను. పైన నేదు. నా సొరుగులో ఉంది."

"తెలుసు," అంది. "నాను పైకెల్లి అడిగినాను. ఆ పెద్దాయన ఏ ఫైలూ రానేదన్నాడు."

"మరి సభలో ఎందుకు సెప్పలేదు?"

"నీకేటో కష్టం ఉందేమో అనుకున్నాను." కిటికీ లోంచి ఎటో చూసింది. "తరవాత నాకే కోపమొచ్చింది. సానా తిట్టినాను నిన్ను. ఇంట్లో కూకుని, గట్టిగా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఓపిక నేదు."

ఆసుపత్రిలో పేరు పిలిచారు. మళ్ళీ స్కానింగు. ఒంటి మీద బంగారం ఉండకూడదని నర్సు చెప్పింది. పోతమ్మ ముక్కుపుడక, చెవుల దుద్దులు, మెడలో సన్న గొలుసు ఒక్కొక్కటే తీసింది. ముక్కుపుడక బిగుసుకుపోయి రాలేదు, నేను పట్టుకుని తిప్పాను. అన్నీ కొంగు చివర నుంచి చింపిన గుడ్డముక్కలో వేసి, ముడి కూడా వెయ్యకుండా నా అరచేతిలో పెట్టింది.

"ఒకసారి సూసుకో, ఏవేవి ఉన్నాయో," అన్నాను.

"ఏటికి?" అని లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఎవరెవరో వస్తున్నారు, వెళ్తున్నారు. ఆమె బయటికి వచ్చేదాకా ఆ గుప్పిట తెరవలేదు.